కారులో ఫ్యూజ్ మళ్లీ మళ్లీ పోతోందా? అపోహలు - వాస్తవాలు

కారులో ఒకే ఫ్యూజ్ రెండుసార్లు పోయిందంటే మూడోది వేసే ముందు ఆగండి. విశాఖలో ఆటో ఎలక్ట్రీషియన్‌గా నా దగ్గరికొచ్చే బళ్లలో చాలావాటికి అసలు ఫాల్ట్ చిన్నదే. ఎవరో చెప్పింది నమ్మి దాని మీద చేసిన పనులే పెద్ద ఖర్చు తెచ్చిపెడతాయి. కొన్నిసార్లు ప్రమాదం కూడా.

అపోహ: ఫ్యూజ్ కెపాసిటీ చాలడం లేదు, పెద్దది వేస్తే సరి.

నేను వినే మాటల్లో నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. ఫ్యూజ్ కాపాడేది హారన్‌నో బల్బునో కాదు, వైరును. 10 ఆంపియర్ల ఫ్యూజ్ ఉన్న చోట కంపెనీ వేసిన వైరు ఆ లోడుకు తగినంత సన్నగానే ఉంటుంది. అక్కడ 30 పెట్టారనుకోండి. ఎక్కడో వైరు ఒరుసుకుని 25 ఆంపియర్లు పారుతున్నా ఫ్యూజ్ కదలదు. ఈలోపు వైరు కాగి, పైతొడుగు కరిగి, పక్క వైర్లకు అంటుకుంటుంది. ఇదంతా డాష్‌బోర్డు వెనకో కార్పెట్ కిందో జరుగుతుంది. పొగ కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. ఆ బండిలో పిల్లలు, పెద్దవాళ్లు కూర్చుంటారు కదా! సిగరెట్ ప్యాకెట్ రేకు చుట్టినా, రాగి తీగ పోచ పెట్టినా ఇదే జరుగుతుంది. దయచేసి ఎవరినీ అలా చేయనివ్వకండి.

ఫ్యూజ్ మీద అంకె ఉంటుంది, రంగు కూడా చెబుతుంది: 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. బాక్స్ మూత లోపల ఏ గదిలో ఏది ఉండాలో బొమ్మ ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు ఒక్కసారి ఆ బొమ్మతో పోల్చి చూసుకోండి.

అపోహ: ఏ ఫ్యూజ్ పోయిందో తెలిస్తే చాలు.

ఏది పోయిందన్నదాని కన్నా ఎప్పుడు పోయిందన్నది నాకు ఎక్కువ పనికొస్తుంది. రాసిన అంకె దాటగానే ఫ్యూజ్ పోదు. దాదాపు మూడో వంతు ఎక్కువ కరెంటు వెళ్తే పోవడానికి పది నిమిషాల దాకా కూడా పట్టొచ్చు. రెట్టింపు వెళ్తే ఐదు సెకన్ల లోపే పోతుంది. అందుకే స్విచ్ వేయగానే పోతే నేరుగా షార్ట్ అయినట్టు, అంటే కరెంటున్న వైరు కారు ఇనుప బాడీకి తగులుతున్నట్టు. కాసేపు నడిచాక పోతే ఓవర్‌లోడ్: వైపర్ మోటార్ బిగుసుకుపోయి ఉండొచ్చు, హెడ్‌లైట్లలో 60/55 వాట్ల చోట 100 వాట్ల బల్బులు వేసి ఉండొచ్చు. గతుకుల్లోనో, ఘాట్ మలుపుల్లోనో, డోర్ తెరిచినప్పుడో మాత్రమే పోతే ఎక్కడో వైరు ఒరుసుకుంటోంది.

ఒక కుటుంబం కారులో టెయిల్ లైట్ల ఫ్యూజ్ వారాల తరబడి సతాయించింది. మీటర్ వెలుగు కూడా దాంతోనే ఆరిపోయేది. రెండు చోట్ల చూపించి, కొత్త బ్యాటరీ కూడా వేయించారు. "ఎప్పుడు పోతోందమ్మా?" అని అడిగితే, ఆవిడ కాసేపు ఆలోచించి, "పూర్ణా మార్కెట్‌కి వెళ్లిన సాయంత్రాలేనండీ" అన్నారు. అంటే కూరగాయల సంచులకు డిక్కీ తెరిచిన రోజులన్నమాట. ఫ్యూజ్ తీసిన చోట, దాని కాళ్లు దిగే రెండు సందుల మధ్య 12 వోల్టుల 21 వాట్ల బ్రేక్ బల్బు కలిపాను. ఆ లైన్ మీదున్న బల్బులన్నీ ముందే తీసేశాను. ఇప్పుడు ఈ బల్బు వెలిగితే షార్ట్ ఉన్నట్టే. కరెంటు రెండు ఆంపియర్లు కూడా దాటదు కాబట్టి వైరు కాలదు. డిక్కీ మెల్లగా మూస్తుంటే సగం దగ్గర బల్బు ఒక్కసారిగా వెలిగింది. కీలు పక్కన ఉండే రబ్బరు గొట్టం లాగి చూస్తే, నంబర్ ప్లేట్ లైటు వైరు తొడుగు పగిలి రాగి బయటపడి ఉంది.

తెరిచి మూసే చోట్లన్నీ ఇలాంటివే. డోర్ల రబ్బరు గొట్టాలు, డిక్కీ కీళ్లు, ముందుకూ వెనక్కూ జరిగే సీట్ల కింద. అయితే ఈ బల్బు పద్ధతి ఎయిర్‌బ్యాగ్ లైన్ మీద ఎవరూ చేయకూడదు. సాధారణంగా ఆ కనెక్టర్లు పసుపు రంగులో ఉంటాయి. వాటి జోలికి వెళ్లకండి.

అపోహ: వైజాగ్‌లో సముద్రపు గాలి. తుప్పు పడితే ఫ్యూజులు పోవా మరి?

ఇందులో సగం నిజం ఉంది. బీచ్ రోడ్డు పక్కన, పెదవాల్తేరు, భీమిలి వైపు ఆరుబయట పెట్టే కార్ల ఎర్త్ పాయింట్లు (కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి వెళ్లేలా వైర్లను బాడీకి బిగించే చోట్లు), కనెక్టర్లు చిలుము పట్టడం నేను తరచూ చూస్తాను. ఉప్పు తేమ రాగిని పచ్చగా తినేస్తుంది. కానీ చిలుము పట్టిన చోట కరెంటుకు అడ్డు పెరుగుతుంది, అంటే పారేది తగ్గుతుంది. దానివల్ల లైట్లు మసకబారతాయి, సెల్ఫ్ బరువుగా తిరుగుతుంది, ఇండికేటర్ వేస్తే పక్కనున్న టెయిల్ లైటు కూడా మిణుకుమంటుంది. ఇవి ఎర్త్ సరిగా లేని లక్షణాలు, ఫ్యూజ్ పోయే లక్షణాలు కావు. ఈ రెండూ కలిపేసుకుని ఎర్త్ శుభ్రం చేయాల్సిన చోట బల్బులు, బ్యాటరీలు మారుస్తుంటారు.

పరీక్ష తేలిక. ఆ లైటు వెలుగుతుండగా మల్టీమీటర్ ఒక ముల్లు బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది బల్బు ఎర్త్ మీద పెట్టండి. మీటర్ దాదాపు సున్నా చూపాలి. అర వోల్టు, ఒక వోల్టు చూపితే ఆ ఎర్త్ విప్పి, ఎమరీ పేపర్‌తో రుద్ది, బిగించి, పైన గ్రీజు రాస్తే సరిపోతుంది. కనెక్టర్‌లోకి ఉప్పునీరు చేరి రెండు పిన్నులను కలిపేస్తే మాత్రం ఫ్యూజ్ పోవచ్చు. అది ఎక్కువగా వర్షాల్లో నీళ్లలోంచి వెళ్లిన బళ్లలో చూస్తాం.

అపోహ: స్కానర్ పెడితే మొత్తం తెలిసిపోతుంది.

కారు కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న లోపాల కోడ్‌లను చదివే పరికరమే స్కానర్. ఇంజిన్, ఏబీఎస్ బ్రేకుల లాంటి వాటికి అది చాలా ఉపయోగం. చాలా కార్లలో హారన్, చార్జింగ్ సాకెట్ లాంటి మామూలు లైన్ల మీద కంప్యూటర్ నిఘా ఉండదు. అక్కడ కోడ్ రాదు. చార్జింగ్ సాకెట్ ఫ్యూజ్ పోతే ముందు టార్చ్ వేసి లోపలికి చూడండి, పిల్లలు వేసిన చిల్లర నాణెం దొరకొచ్చు.

అపోహ: ఎల్ఈడీలు కరెంటు తక్కువ తాగుతాయి, ఎక్కడినుంచి లైన్ తీసినా ఫర్వాలేదు.

తక్కువ తాగుతాయన్నది నిజమే. ఇబ్బంది లైన్ తీసే తీరులో ఉంది. కంపెనీ వైరును బ్లేడుతో గీకి, కొత్త తీగ చుట్టి, టేప్ వేస్తారు. మన ఎండకు ఆ టేప్ జిగురు కరిగి ఊడిపోతుంది. ఫాగ్ ల్యాంపులైనా, పెద్ద హారన్‌లైనా రిలేతో (స్విచ్ మీద భారం పడకుండా పెద్ద కరెంటును కలిపే పరికరం), బ్యాటరీకి దగ్గరగా విడి ఫ్యూజ్ పెట్టి వేయించుకోండి.

రిపేరుకు తెచ్చేటప్పుడు కాలిన ఫ్యూజ్ పారేయకుండా పట్టుకురండి. లోపల మసి కొట్టి తీగ చిట్లిపోయి ఉంటే షార్ట్. నల్లబడకుండా మధ్యలో సన్నగా కరిగి ఉంటే ఓవర్‌లోడ్. ప్లాస్టిక్ కాలి, కాళ్లు రంగు మారి ఉంటే ఫ్యూజ్ గది లూజ్. ఈమధ్య ఏదైనా కొత్తగా ఫిట్ చేయించి ఉంటే అదీ చెప్పండి. పని అయ్యాక దెబ్బతిన్న చోటు చూపించమని అడగండి. డోర్, డిక్కీ మడతల్లోనైతే అతుకు సరిగ్గా మడత మీద వేయించకండి. సోల్డర్ చేసిన చోట వైరు బిరుసెక్కి మళ్లీ అక్కడే విరుగుతుంది. మడత దాటేంత పొడవు కొత్త వైరు వేసి, అతుకులు రెండు చివర్లా, కదలని చోట పడేలా చేయించుకోండి.