"ఇంత పెట్టాక ఎలా ఆపుతాం?": వ్యాపార నిర్ణయాలపై అపోహలు - వాస్తవాలు

చిన్న వ్యాపారుల ఖాతాలు చూడటం నా వృత్తి. నష్టపోయినవారి పుస్తకాల్లో మార్కెట్ దెబ్బ కంటే ఎక్కువగా నాకు కనిపించేది, నిర్ణయం తీసుకున్న తీరే.

అపోహ: ఇంత డబ్బు పోశాక మధ్యలో ఆపితే అంతా వృథా.

వాస్తవం: పోసిన డబ్బు ఆపినా రాదు, నడిపినా రాదు. ఒక టిఫిన్ సెంటర్ యజమాని తన రెండో శాఖ లెక్కలు తెచ్చారు. గ్రైండర్లకు, బల్లలకు 9 లక్షలు అయింది. అద్దె, జీతాలు పోను నెలకు 40 వేలు చేతినుంచి పడుతోంది. ఆయన చూపుడువేలు మాత్రం ఆ 9 లక్షల మీదే ఉంది. పేజీ తిప్పి అడిగాను: "ఈ హోటల్ వేరొకరిదనుకోండి. సామానుతో సహా ఊరికే ఇస్తాం, నడుపుకోమంటే తీసుకుంటారా?" చాలాసేపటికి "తీసుకోనండీ" అన్నారు.

1985లో కంప్యూటర్ చిప్‌లు చేసే అమెరికా సంస్థ ఇంటెల్‌కూ ఇదే పరిస్థితి. సమాచారం దాచే మెమరీ చిప్‌లతో ఎదిగిన సంస్థను జపాన్ పోటీ వల్ల అవే ముంచుతున్నాయి. మన స్థానంలో కొత్త అధిపతి వస్తే ఏం చేస్తాడని సంస్థ ప్రెసిడెంట్ ఆండీ గ్రోవ్ అడిగితే, మెమరీని వదిలేస్తాడని సీఈఓ గోర్డన్ మూర్ చెప్పారు. ఆ పని వాళ్లే చేసి, కంప్యూటర్‌కు మెదడులాంటి మైక్రోప్రాసెసర్లను నమ్ముకున్నారు.

అపోహ: లాభం వచ్చిందంటే నిర్ణయం సరైనదే.

వాస్తవం: అప్పు తెచ్చి, ఉన్నదంతా మిర్చి మీద పెట్టి కోల్డ్ స్టోరేజీలో దాచిన వ్యాపారికి ఒక ఏడాది ధర కలిసొచ్చింది. మరుసటి ఏడాదీ అలాగే చేసి, వడ్డీ కట్టలేక అయినకాడికి అమ్ముకున్నారు. మొదటి ఏడాదీ అది తప్పుడు నిర్ణయమే, ధర కాపాడిందంతే. అందుకే కొన్న రోజునే నోటు పుస్తకంలో రాయమంటాను: తేదీ, కారణం, ధర ఎంతకు పడితే అమ్మేయాలి. తర్వాత రాస్తే మనసు తనకు నచ్చినట్టు రాసుకుంటుంది. ఉద్యోగం మారేవారికీ ఈ పుస్తకం ఉండాలి.

అపోహ: పదిమందినీ కూర్చోబెట్టి అడిగితే మేలు.

వాస్తవం: మొదట మాట్లాడిన పెద్దాయన మాటే పదిసార్లు వినిపిస్తుంది. విడివిడిగా అడగండి.

అపోహ: వెంటనే తేల్చడమే సమర్థత.

వాస్తవం: మళ్లీ మార్చుకోగలిగినవి వెంటనే తేల్చండి. కొత్త రకం దోసె పెట్టడానికి నెలరోజుల చర్చ అక్కర్లేదు. భాగస్వామ్య పత్రం మీద సంతకం అలాంటిది కాదు. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ బాకీకి ప్రతి భాగస్వామీ పూర్తి బాధ్యుడు. వాటా 10 శాతమే అయినా అప్పు సొంత ఇంటిదాకా రావచ్చు. "స్నేహితులమే కదా సార్" అంటూ పెన్ను తీసిన ఒక కుర్రవాడిని, ఇంట్లో భార్యతో కలిసి ఆ పత్రం చదివి రమ్మని పంపాను. వారం తర్వాత ఒక షరతు చేర్చి తెచ్చాడు: ఇద్దరి సంతకాలూ లేనిదే సంస్థ పేరు మీద అప్పు తేకూడదు.