బిజినెస్ విందులో టేబుల్ మర్యాదలు: అపోహలు - వాస్తవాలు

చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయ్ 1998లో కార్ల తయారీ మొదలుపెట్టింది. అటువైపే ఉన్న ఒరగడం అనే ఊళ్లో రెనో-నిస్సాన్ ఫ్యాక్టరీ 2010లో, డైమ్లర్ ట్రక్కుల ఫ్యాక్టరీ 2012లో ప్రారంభమయ్యాయి. వాటి చుట్టూ విడిభాగాల కంపెనీలు, ఆ కంపెనీల్లో నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన మన ఇంజనీర్లు. అందుకే చెన్నైలో ఒకే నెలలో కొరియా వాళ్లతో లంచ్, జర్మనీ వాళ్లతో డిన్నర్ తగలడం మామూలే. టేబుల్ మర్యాదలు నేర్పే మా క్లాసులకి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఫోర్కుల భయమే. కానీ విందు చెడేది చాలావరకు ముందే చెప్పాల్సినవి చెప్పకపోవడం వల్ల, ఎదుటివాళ్లని గమనించకపోవడం వల్ల.

అపోహ: ఫోర్క్ ఎడమచేత్తో పట్టుకోకపోతే పరువు పోతుంది

వాస్తవం: యూరప్ పద్ధతిలో ఫోర్క్ ఎడమచేతిలో, నైఫ్ కుడిచేతిలో చివరిదాకా ఉంటాయి. అమెరికా పద్ధతిలో ముక్క కోశాక నైఫ్‌ని ప్లేటు పై అంచున పెట్టి, ఫోర్క్‌ని కుడిచేతికి మార్చుకుని తింటారు. రెండూ సరైనవే. కుడిచేత్తో తినే మనకి రెండోది త్వరగా పట్టుబడుతుంది. ఏదో ఒకటి ఎంచుకుని భోజనం అయ్యేదాకా అలాగే తినండి. ఎక్కువ ఫోర్కులు పెట్టి ఉంటే బయటి వైపు నుంచి మొదలుపెట్టి, కోర్సు, అంటే విడతగా వడ్డించే వంటకం, మారినకొద్దీ లోపలికి రండి. కింద పడితే వంగి తీయకండి, ఇంకొకటి అడగండి.

ఎలా పట్టుకున్నారన్న దానికన్నా ఎలా పెట్టారన్నది ముఖ్యం. మంచి హోటల్లో వెయిటర్ "అయిపోయిందా సార్" అని అడగడు, ప్లేటు చూసి తెలుసుకుంటాడు. యూరప్ పద్ధతిలో మధ్యలో ఆగితే ఫోర్క్, నైఫ్ కొనలు దగ్గరగా, పిడులు ఎడంగా, గుడిసె కప్పులా ప్లేటు మీద పెట్టాలి. తినడం పూర్తయితే రెండింటినీ పక్కపక్కనే పెట్టి, పిడులు గడియారంలో నాలుగు అంకె వైపు, నైఫ్ పదును లోపలికి ఉంచాలి. బ్రిటన్‌లో పిడులు ఆరు వైపు పెడతారు. మాటల్లో పడి మధ్యలోనే పక్కపక్కన పెట్టేస్తే సగం తిన్న ప్లేటు వెళ్లిపోతుంది. తినడం అయ్యాక కూడా విడివిడిగా వదిలేస్తే మీ ఒక్కరి కోసం మొత్తం బల్లకి తర్వాతి కోర్సు ఆగిపోతుంది. ఒకసారి వాడినవి మళ్లీ బల్లగుడ్డకి తగలకూడదు.

అపోహ: చేతికి దగ్గరగా ఉన్న గ్లాసే మనది

వాస్తవం: బ్రెడ్ ప్లేటు ఎడమవైపుది, గ్లాసులు కుడివైపువి. ఇది తెలిసినవాళ్లు కూడా తడబడతారు, దానికి కారణం ఉంది. అన్నం కలిపిన చెయ్యి అంటకుండా మనం నీళ్లు ఎడమచేత్తో తాగుతాం. ఆ అలవాటుకొద్దీ గుండ్రటి బల్ల దగ్గర చెయ్యి తెలియకుండానే ఎడమవైపు గ్లాసు మీదికి పోతుంది. అది పక్కాయనది. ఆయన తన పక్కామెది తీసుకుంటారు, అలా బల్లంతా తారుమారవుతుంది. మీ గ్లాసు ఎవరైనా తీసుకుంటే ఎత్తి చూపకండి, వెయిటర్‌ని ఇంకొకటి తెమ్మని మెల్లగా చెప్పండి.

బ్రెడ్‌ని నైఫ్‌తో కోయరు. వెన్న ముందు మీ చిన్న ప్లేటులోకి తీసుకుని, బ్రెడ్ ఒక్కో ముక్క చేత్తో తుంచి, ఆ ముక్కకే రాసుకుని తినాలి. నాప్కిన్ ఒడిలో ఉంటుంది. మధ్యలో లేస్తే కుర్చీ మీద, భోజనం అయ్యాక ప్లేటు పక్కన.

అపోహ: శాకాహారం అని చెబితే పిలిచినవాళ్లని ఇబ్బంది పెట్టినట్టు

వాస్తవం: బల్ల దగ్గర కూర్చున్నాక చెబితేనే ఇబ్బంది. రెండు మూడు రోజుల ముందు మెయిల్‌లో ఒక్క వాక్యం రాస్తే చాలు. వాళ్లకీ హోటల్ ఎంచుకోవడం తేలికవుతుంది. "వెజిటేరియన్" అని మాత్రం రాసి వదిలేయకండి. జపాన్ మిసో సూప్‌ని సాధారణంగా ఎండు చేప కలిపి కాచిన నీళ్లతో చేస్తారు. కొరియా వాళ్లు ఊరబెట్టే కూరగాయ కిమ్చీలో చాలాసార్లు చేప సాస్ గానీ ఉప్పు రొయ్యలు గానీ ఉంటాయి. చైనీస్ కూరగాయల్లో ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ చాలాసార్లు పడుతుంది. జెల్లీ డెసర్టుల్లో చాలాసార్లు జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. "మాంసం, చేప, గుడ్డు తినను, వాటితో చేసిన సూపులు, సాసులు కూడా వద్దు, పాలు, పెరుగు ఫర్వాలేదు" అని రాయండి. మాంసాహారులు బీఫ్, పోర్క్ వద్దనుకుంటే అదీ ముందే చెప్పాలి. కార్తీక సోమవారం ఉపవాసం ఉండేవాళ్లు తేదీ ఖాయం చేసేటప్పుడే క్యాలెండర్ చూసుకోవాలి.

ఇంత చెప్పినా తినలేనిది వడ్డిస్తే తినగలిగినవి తిని అది వదిలేయండి. మన ఆచారాల గురించి ఉపన్యాసం అక్కర్లేదు.

అపోహ: మందు ముట్టకపోతే ఒప్పందం కుదరదు

వాస్తవం: టోస్ట్‌లో, అంటే అందరూ గ్లాసులెత్తి శుభం కోరుకునేటప్పుడు, కలవడం ముఖ్యం, గ్లాసులో ఏముందన్నది కాదు. జపాన్ వాళ్లతో ఉంటే ఊలాంగ్ టీ, మరెక్కడైనా సోడా తెప్పించుకుని అందరితో పాటు గ్లాసు ఎత్తండి. గ్లాసు బోర్లించడం, మీద చెయ్యి అడ్డం పెట్టడం చూడ్డానికి బాగుండదు. "నేను తాగను, థాంక్స్" అని నవ్వుతూ ఒక్కసారి చెబితే చాలు, కారణాలు ఎవరికీ అవసరం లేదు.

ఒక చిన్న తేడా గుర్తుంచుకోండి. జపాన్‌లో పక్కవాళ్ల గ్లాసు ఖాళీ అయ్యేలోపే నింపుతారు. కొరియాలో పూర్తిగా ఖాళీ అయ్యాకే పోస్తారు. రెండు చోట్లా ఎవరిది వాళ్లు పోసుకోకుండా ఒకరికొకరు పోసుకోవడమే పద్ధతి. కొరియాలో పెద్దవాళ్లకి పోసేటప్పుడూ, వాళ్లు పోస్తుంటే గ్లాసు పట్టేటప్పుడూ రెండు చేతులూ వాడాలి, తాగేటప్పుడు ముఖం కాస్త పక్కకి తిప్పుకోవాలి. జర్మనీ వాళ్లతో గ్లాసు తగిలించేటప్పుడు మాత్రం సూటిగా కళ్లలోకి చూడాలి.

అపోహ: చాప్‌స్టిక్స్ రాకపోతే అవమానం

వాస్తవం: ఫోర్క్ అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. జపాన్ వాళ్ల ముందు చేయకూడనివి రెండున్నాయి: చాప్‌స్టిక్స్‌ని అన్నంలో నిలువుగా గుచ్చడం, ఒకరి చాప్‌స్టిక్స్ నుంచి ఇంకొకరి చాప్‌స్టిక్స్‌కి ఆహారం అందించడం. మొదటిది చనిపోయినవాళ్లకి అన్నం పెట్టే తీరు, రెండోది దహనం తర్వాత అస్థులు ఏరే తీరు. పిండాల అన్నం శుభకార్యంలో వడ్డించని మన వాళ్లకి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

జపాన్‌లో అన్నం గిన్నె చేతిలోకి తీసుకుంటారు. కొరియాలో గిన్నె బల్ల మీదే ఉంటుంది, అన్నం చెంచాతో తింటారు, అందరికన్నా పెద్దవారు చెంచా ఎత్తాకే మిగతావాళ్లు మొదలుపెడతారు. జపాన్ నూడుల్స్ జుర్రుకోవచ్చు. అదే శబ్దం యూరప్ వాళ్ల ముందు సూప్‌తో వద్దు.

అపోహ: విదేశీ అతిథిని అరిటాకు భోజనానికి తీసుకెళ్లకూడదు

వాస్తవం: చాలామంది ఇష్టంగా వస్తారు. కాకపోతే ముందే అడగండి, పక్కన చెంచా, ఫోర్క్ పెట్టించండి, చేత్తో తినమని బలవంతపెట్టకండి. మొదటి వడ్డనకే ఆకు నిండకుండా చూడండి, వద్దంటే ఆపాలని వడ్డించేవాళ్లకి చెప్పండి. కొసరి కొసరి వడ్డించడం మనకి ఆప్యాయత, అన్నీ తినాలేమో అనుకునే అతిథికి కష్టం. పచ్చడి, ఊరమిరపకాయ కారమని వేలు పెట్టి చూపండి. చివర్లో ఆకుని తనవైపు మడవాలని మీరు మడిచి చూపిస్తే సరిపోతుంది.

వేగం కూడా చూసుకోండి. క్యాంటీన్లో పావుగంటలో లంచ్ ముగించే అలవాటుతో మనం ముందే ఆకు మడిచేస్తే ఎదుటివారు హడావిడి పడతారు. మీరు పిలిచిన విందు అయితే ఆఖరి ముద్ద మీదే కావాలి.

అపోహ: బిల్లు కోసం పోటీపడటం మర్యాద

వాస్తవం: పిలిచినవాళ్లే ఇస్తారు. మీరు పిలిచినట్టయితే పది నిమిషాలు ముందే చేరి కార్డు కౌంటర్లో ఇచ్చి, బిల్లు బల్ల దగ్గరికి తేవద్దని చెప్పండి. వాళ్లు పిలిస్తే ఒక్కసారి అడిగి, వద్దంటే థాంక్స్ చెప్పి ఊరుకోండి. పర్సు లాగే పెనుగులాట వద్దు.

ఆన్‌సైట్, అంటే కంపెనీ పని మీద విదేశానికి, వెళ్లినప్పుడు టిప్ లెక్క మారుతుంది. జపాన్‌లో ఇవ్వరు. జర్మనీలో 5 నుంచి 10 శాతం కలిపి, ఎంత తీసుకోవాలో డబ్బు ఇచ్చేటప్పుడే నోటితో చెబుతారు. అమెరికాలో 18 నుంచి 20 శాతం మామూలు. పెద్ద గుంపుగా వెళ్తే అక్కడి హోటళ్లు చాలాసార్లు బిల్లులోనే కలిపేస్తాయి, ఆ వరుస చూసుకోకపోతే రెండుసార్లు ఇచ్చినట్టవుతుంది.