జపాటా ఫొటో గోడ మీద, ఆయన అడిగిన భూమి మాత్రం...

1994 జనవరి 1న మెక్సికోలోని చియాపాస్‌లో ఆదివాసీలు తుపాకులు పట్టి ఊళ్లు ఆక్రమించారు, తమ సైన్యానికి ఎప్పుడో 1919లో చనిపోయిన రైతు విప్లవ నాయకుడు జనరల్ జపాటా పేరు పెట్టుకున్నారు. ఎందుకో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

ఎమిలియానో జపాటాది మొరేలోస్ రాష్ట్రంలోని అనెనెకుయిల్కో అనే చిన్న ఊరు. చుట్టూ చెరకు తోటల దొరలే, ఏటేటా కాస్త కాస్త ఊరి భూమీ నీళ్లూ కలిపేసుకుంటూ పోయారు, కోర్టుకెళ్తే అప్పటి నియంత, అధ్యక్షుడు డియాజ్ సర్కారు దొరల పక్షమే. 1909లో ఊరివాళ్లు ముప్పై ఏళ్ల జపాటాని పెద్దగా ఎన్నుకుని పాత భూమి కాగితాలు చేతిలో పెట్టారు. అసలు గొడవంతా ఆ కాగితాలదే, సిద్ధాంతాలూ గట్రా తర్వాత వచ్చాయి.

1911లో డియాజ్ దిగిపోయాక, ఆయన్ని దించిన తిరుగుబాటు నాయకుడు మడేరో, అందులో పోరాడిన జపాటాతో, ముందుగా తుపాకులు అప్పజెప్పండి, భూముల సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. అప్పుడు జపాటా ఆయన బంగారు వాచీ చూపించి, నా చేతిలో తుపాకీ ఉందని ఇది లాక్కున్నాననుకోండి, రేపు మీ చేతికీ తుపాకీ వస్తే తిరిగి అడగరా అన్నాడట! ఆ నవంబర్‌లోనే జపాటా ప్రకటించిన అయాలా ప్రణాళిక వచ్చింది: లాక్కున్న భూములు ఊళ్లకి ఇచ్చెయ్యాలి, పెద్ద ఎస్టేట్లలో మూడో వంతు పరిహారం కట్టి తీసుకోవాలి, ఎదురు తిరిగిన దొరలకి మొత్తం పోతుంది.

1919 ఏప్రిల్ 10న చినమెకాలో, మీ వైపు వచ్చేస్తానని నమ్మించిన సర్కారు కల్నల్ గ్వహార్దో మనుషులు గౌరవ వందనానికి నిలబడ్డట్టే నిలబడి జపాటాని కాల్చి చంపారు. అధ్యక్షుడు కరాంజా ఆ కల్నల్‌కి ప్రమోషన్ ఇచ్చాడు.

విచిత్రం ఏంటంటే ఆ కరాంజా హయాంలోనే, 1917 రాజ్యాంగం 27వ ఆర్టికల్‌లో ఊళ్లకి భూములిచ్చే మాట రాసుకున్నారు. అలా ఇచ్చిన ఉమ్మడి భూముల్ని ఎహీదోలు అంటారు, అప్పట్లో వాటిని అమ్మడానికి వీలుండేది కాదు. 1930ల్లో అధ్యక్షుడు కార్దెనాస్ దాదాపు 1.8 కోట్ల హెక్టార్లు పంచాడు. 1992లో అప్పటి అధ్యక్షుడు సాలినాస్ పంపిణీ ఆపేసి, ఎహీదో భూములు అమ్ముకోడానికి దారి తెరిచాడు. కొడుక్కి ఎమిలియానో అని పేరు పెట్టుకున్న మనిషండీ ఈయన! చియాపాస్‌లో భూమి కోసం ఇంకా ఎదురుచూస్తున్న వాళ్లకి ఇక ఆశ పోయింది. వాళ్లు లేచిన రోజే అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కూడా అమల్లోకి వచ్చింది.

2019ని ప్రభుత్వం జపాటా సంవత్సరంగా ప్రకటించింది. అప్పుడు మొరేలోస్‌లోనే రైతులు తమ నదినీళ్లు పోతాయని వెస్కా కరెంటు ప్లాంటుకి అడ్డం తిరుగుతున్నారు, ఫిబ్రవరిలో వాళ్ల నాయకుల్లో ఒకాయన్ని కాల్చి చంపారు.