రెండు బూడిద రంగులు

చిట్టితల్లీ, చిన్నోడా,

మీ గది గోడలకి వేద్దామని తెచ్చుకున్న రెండు బూడిద రంగు నమూనా కార్డులూ ఒకేలా ఉన్నాయి, ఏది వేయమంటావు తాతయ్యా అని అడిగారు. ఒకేలా లేవర్రా. రెండింటినీ తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టి చూడండి, ఒకదాంట్లోంచి నీలమో, రెండోదాంట్లోంచి ఆకుపచ్చో ఊదానో మెల్లగా తొంగిచూస్తుంది.

బూడిద రంగు మొహమాటం పిల్లాడి లాంటిది. ఒంటరిగా కూర్చుంటే వాడి సంగతేమీ తెలీదు, పక్కన ఇంకొకడిని కూర్చోబెడితే అప్పుడు గొంతు పెగులుతుంది, అదీ పక్కవాడిని బట్టి మారుతుంది. ఎండ నేరుగా పడని గదిలో నీలపు బూడిద ఇంకా చల్లగా, నీలంగా కనిపిస్తుంది. రాత్రి 2700 కెల్విన్ బల్బు వేస్తే ఆ పసుపు వెలుగులో అదే పిల్లాడు తన నీలం దాచేసుకుంటాడు, 6500 కెల్విన్ తెల్ల వెలుగు బల్బు వేస్తే మళ్ళీ బయటపెడతాడు.

చిన్నప్పుడు మా అక్కకీ నాకూ పలకల దగ్గర ఇలాంటి గొడవే. నా పలకే నల్లదని నేను, కాదు తనదని తను. మా నాన్న రెండూ తీసుకెళ్ళి అరుగు మీద వెలుగులో పక్కపక్కన పెట్టాడు. నాది కాస్త ఆకుపచ్చగా ఉంది! ఒప్పుకోలేక తడిగుడ్డతో తుడిచాను, నిగనిగలాడుతూ నల్లబడింది, గెలిచాననుకున్నాను. ఆరగానే మళ్ళీ అదే పచ్చ. అందుకే తడి రంగు చూసి తొందరపడకండి. పెద్ద అట్టముక్కల మీద రెండు పూతలు వేసి, పూర్తిగా ఆరనివ్వండి.

గోడ మీదే వేసి చూద్దామంటారేమో, వద్దు. చుట్టూ ఉన్న పాత రంగు మీ కంటిని మోసం చేస్తుంది. ఫ్రాన్సులో గోబెలిన్స్ నేతశాలలో నల్లరంగు వెలవెలబోతోందని ఫిర్యాదులొస్తే, 1824లో అక్కడ అద్దకాల బాధ్యత తీసుకున్న షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త ఎంతో వెతికి, లోపం నలుపుది కాదు, పక్కనున్న దారాల రంగుదని తేల్చాడు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది, అదే దారం, పక్కది మారితే వేరేలా కనిపించడమేమిటి!

కాబట్టి అట్టల చుట్టూ తెల్లటి అంచు వదలండి. పొద్దున కిటికీ పక్క గోడకి, మధ్యాహ్నం ఎదురు గోడకి, మూలకి కూడా ఆనించి చూడండి, మంచం దుప్పటి పక్కన మరిచిపోకుండా. ఇద్దరూ కొట్టుకోకుండా రెండు రోజులు చూడండి. రాత్రి పడుకునే ముందు లైటు ఆర్పబోయేటప్పుడు ఏది బాగుందో మాత్రం నాకు విడిగా రాయండి, ఎందుకంటే ఆ గదిలో మీరు ఎక్కువగా ఉండేది ఆ వేళకే.

మీ తాతయ్య