పుస్తకాల లారీ ఇంకా ఎందుకు వస్తోంది?

జూన్ వచ్చిందంటే మండల వనరుల కేంద్రం ముందు లారీ ఆగుతుంది. పాఠ్యపుస్తకాల కట్టలు దించి, బడులవారీగా లెక్కపెట్టుకుని సార్లు ఆటోల్లో తీసుకుపోతారు. ఒక ఏడు లెక్కల పుస్తకం ఆలస్యమవుతుంది, ఇంకో ఏడు హిందీది తక్కువ పడుతుంది. ఈ తిప్పలన్నీ ఎందుకు, అందరికీ ట్యాబ్ ఇస్తే అయిపోతుంది కదా అనే మాట ఇప్పుడు వరంగల్ స్టాఫ్‌రూముల్లోనూ, పెళ్లి పందిళ్లలోనూ వినిపిస్తోంది. అయితే దీని వెనక చాలా కథ ఉంది.

అసలు ఈ ప్రాంతంలో తెలుగు పుస్తకం చేతికి రావడమే ఆలస్యం. నిజాం పాలనలో పై చదువులు ఉర్దూలో సాగాయి. తెలుగు చదవాలనుకున్నవాళ్లు తామే గ్రంథాలయాలు పెట్టుకున్నారు. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లో అలా పుట్టిందే. ఇక బడి పుస్తకం సంగతికొస్తే మా రోజుల్లో సగం ధర బేరమే. పై తరగతికి పోయినవాడి దగ్గర కొని, న్యూస్‌పేపర్ అట్టలు వేసి, వాడు పెన్సిల్‌తో రాసిన జవాబులు రబ్బరుతో చెరిపేవాళ్లం. చెరపకుండా వదిలేసినవే పరీక్షల ముందు పనికొచ్చేవి, అది వేరే సంగతి. ఉచిత పుస్తకాలు వచ్చాక సర్కారు బడి పిల్లకు తనదంటూ ఒక సెట్టు దొరికింది.

డిజిటల్ మాట మన దగ్గర ముందుగా సంచి బరువుతో ముడిపడి వచ్చింది. పిల్లల మీద చదువు భారం గురించి కేంద్రం వేసిన యశ్‌పాల్ కమిటీ 1993లోనే చెప్పింది. తెలంగాణ ప్రభుత్వం 2017లో జీవో ఇచ్చి ఒకటి, రెండు తరగతుల సంచి కిలోన్నర, పదో తరగతిది 5 కిలోలు దాటొద్దంది. సంచిని తూకం వేసిన బడి నేనైతే చూడలేదు. అదే ఏడాది సెప్టెంబర్ 5న కేంద్రం పాఠాలు, వీడియోలు ఉండే దీక్ష పోర్టల్ తెచ్చింది. తర్వాత పుస్తకాల పేజీల్లో, ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ వీడియోలు తెరుచుకునే క్యూఆర్ కోడ్‌లు కనిపించడం మొదలైంది.

ఒకరోజు నర్సంపేటలో మా అక్క కొడుకు సైన్స్ పుస్తకం పట్టుకొచ్చి "మామా, నీ ఫోన్ ఇయ్యి, గీ డబ్బా స్కాన్ చెయ్యాలె" అన్నాడు. ఫోన్ మధ్యలో గుండ్రం తిరిగి తిరిగి చివరికి వీడియో వచ్చింది. గుండె బొమ్మ కదులుతుంటే వాడి కళ్లు వెలిగిపోయాయి. అంతలో నాకు ఆఫీస్ కాల్ వచ్చింది. మాట్లాడి వచ్చేసరికి వాడు పుస్తకంలోని బొమ్మ చూసి నోట్‌బుక్‌లో గీసుకుంటున్నాడు.

కరోనాలో ఇదే కథ రాష్ట్రమంతా నడిచింది. 2020 మార్చిలో పదో తరగతి పరీక్షలు మూడు పేపర్లయ్యాక ఆగిపోయి, జూన్‌లో రద్దయ్యాయి. సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, రాష్ట్ర ప్రభుత్వ చదువుల చానల్ టీ-శాట్‌లలో పాఠాలు మొదలయ్యాయి. టీవీ ఉన్న ఇంట్లో కరెంటు పోయేది. ఫోన్ ఉన్న ఇంట్లో అది నాన్నతో పాటు చేనుకు పోయేది. ములుగు, ఆసిఫాబాద్ ఏజెన్సీ గూడేల్లో సిగ్నల్ కోసం గుట్టలెక్కాల్సి వచ్చేది. ఆ నెలల్లో చార్జింగ్ అక్కర్లేనిది పుస్తకం ఒక్కటే.

విచిత్రం ఏమిటంటే ఆ తర్వాత పుస్తకం ఇంకా లావైంది. 2022లో సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలుపెడుతూ ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్‌గా అచ్చేశారు. అదే ఏడాది సర్కారు బడులను బాగు చేసే 'మన ఊరు - మన బడి' మొదలైంది. ఆ పథకంతో హైస్కూళ్ల గోడలకు పెద్ద టచ్ ప్యానెళ్లు వచ్చాయి. అంటే డిజిటల్ వచ్చి పుస్తకం పక్కన చేరింది తప్ప దాని చోట కూర్చోలేదు.

కాగితానికి తన తిప్పలు తనకున్నాయి. 2024 జూన్‌లో పంచిన తెలుగు పుస్తకాల ముందుమాటలో పాత ముఖ్యమంత్రి పేరే ఉండిపోయింది. పుస్తకాలు వెనక్కి తీసుకుని ఆ పేజీలు జిగురుతో అతికించాల్సి వచ్చింది. పీడీఎఫ్ అయితే నిమిషం పని. ఈ ఒక్క విషయంలో ట్యాబ్ పక్షానికి పూర్తి మార్కులు.

బయట ఏం జరిగిందో కూడా చూడాలి. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచారు. డిజిటల్‌లో ముందున్న స్వీడన్ 2023లో మళ్లీ అచ్చు పుస్తకాలకు నిధులు కేటాయించింది. దక్షిణ కొరియా 2025 మార్చిలో ఏఐ పాఠ్యపుస్తకాలు తెచ్చి, ఆగస్టుకల్లా వాటిని అదనపు సామగ్రి కిందికి మార్చేసింది. 54 అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి సమీక్షలో, సమాచారం ఉన్న పాఠాలు కాగితం మీద చదివినప్పుడే ఎక్కువ అర్థమవుతున్నట్టు తేలింది.

మన దగ్గర చిక్కు మాత్రం అంతకన్నా చిన్నది. ప్యానెల్ బడిది, ఫోన్ నాన్నది. సాయంత్రం నాలుగున్నరకు బడి గేటు దాటేటప్పుడు పిల్ల సంచిలో ఉండేది పుస్తకమే. దాన్ని తీసేయాలంటే ఆ పిల్లకే సొంతంగా ఒక ట్యాబ్, నెట్ ఇవ్వాలి. పగిలితే బాగు చేసే మనిషి మండలంలోనే దొరకాలి. ఒక ఏడాది ఆరో తరగతికి ఇస్తే, మరుసటి ఏడాది ఆరులోకి వచ్చేవాళ్లకూ ఇవ్వాలి. ఈ ఖర్చు లెక్క వేసి చూపించేదాకా నా ఓటు లారీకే.