ధాత సంవత్సరం నాటి విరాటపర్వం

కడప

ప్రియమైన పిల్లలకు,

మొన్న మీరు మా విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వచ్చినప్పుడు మీలో ఒక అమ్మాయి అడిగింది: "తాతయ్యా, ఈ తాటాకుల కట్టకు అట్ట లేదు, పేరు లేదు. ఇది ఏ పుస్తకమో మీకెలా తెలిసింది?" బస్సుకు వేళయిందని టీచరు తొందరపెట్టడంతో సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం ఇదిగో.

ఆ కట్ట ఒక పల్లెలో అటక మీది నుంచి వచ్చింది. పైనున్న చెక్క పలకకు "రామాయణం" అని చీటీ అంటించి ఉంది. చీటీ ఎప్పుడో తర్వాత ఎవరో అంటించినది కాబట్టి దాన్ని నమ్మకూడదు. తాటాకు గ్రంథం పేరు మొదట్లో వెతికితే దొరకదు. ప్రతి అధ్యాయం ముగిసే చోట ఒక వాక్యం ఉంటుంది, దాన్ని పుష్పిక అంటాం. పేరు అక్కడ ఉంటుంది.

ఆకులు చూస్తే అక్షరాలే కనబడలేదు. గంటం అనే మొనదేలిన ఇనుప కలంతో గీసిన గీతల్లోని మసి రాలిపోయింది. దీపపు మసిని నిమ్మగడ్డి నూనెలో కలిపి, దూదితో ఆకు మీద మెల్లగా రుద్ది, వెంటనే గుడ్డతో తుడిచాను. ఆకు మీది మసి గుడ్డకు వస్తుంది, గీతల్లోని మసి ఉండిపోతుంది. నా కళ్ల ముందే అక్షరాలు ఒక్కొక్కటిగా నల్లగా పైకి లేచాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ క్షణంలో నా చేయి కొద్దిగా వణుకుతుంది. పదాల మధ్య ఖాళీ లేని ఆ వరుసల చివర "ఇతి శ్రీమహాభారతే" అని చదివాను, ఆ వెనకే "విరాటపర్వణి". రామాయణం కాదు, భారతంలో నాలుగో పర్వం!

తెలుగు అక్షరాలు కదా, ఇది తిక్కనగారిదేమో అని మీకు అనిపించవచ్చు. తిక్కనగారు తెనిగించడం మొదలుపెట్టింది విరాటపర్వం నుంచే. కానీ ఇందులో ఉన్నవి వ్యాసుడి శ్లోకాలు. మన పెద్దలు సంస్కృతాన్ని కూడా తెలుగు లిపిలోనే రాసుకున్నారు. అందుకే ప్రతుల వివరాలు రాసుకునే మా సూచికలో భాషకు ఒక గడి, లిపికి ఇంకో గడి ఉంటాయి. పుణేలోని భండార్కర్ సంస్థ పండితులు 1919 నుంచి 1966 వరకు కూర్చుని 1,259 ప్రతులను పోల్చి భారతాన్ని పరిష్కరించారు, అంటే అసలు పాఠానికి దగ్గరైన పాఠాన్ని తేల్చారు. వాటిలో తెలుగు లిపి ప్రతులూ ఉన్నాయి. అంతకుముందే మన కడపలో సి.పి. బ్రౌన్ అనే ఆంగ్లేయ అధికారి సొంత డబ్బుతో పండితులను నియమించి తెలుగు కావ్యాల ప్రతులను పోల్చి చూపించారు. ప్రతి ఎక్కడుందో సూచికలో లేకపోతే అలా పోల్చేవారికి దాని సంగతే తెలియదు.

ఇక లెక్కలు. చివరి ఆకు అంకె 140. మొదటి ఆకు, 37 నుంచి 40 వరకు నాలుగు ఆకులు లేవు, కాబట్టి మిగిలినవి 135. పుటకు ఏడు పంక్తులు, పంక్తికి సుమారు యాభై అక్షరాలు. ముప్పై రెండు అక్షరాలను ఒక గ్రంథం అనడం పాత లెక్క. ఆ లెక్కన ఒక్కో ఆకుకు రెండు వైపులా కలిపి ఇరవై రెండు గ్రంథాలు దాకా వస్తాయి. పలక మీద కాకుండా ఆకు మీద, తప్పు పడితే చెరపడానికి వీలు లేకుండా, అంత రాయడం ఎంత కష్టమో ఊహించండి.

అసలు నా నిద్ర చెడగొట్టింది చివరి ఆకు. "ధాత నామ సంవత్సర ఆషాఢ" అని ఉంది, అక్కడ అంచు విరిగిపోయింది. మన సీమలో ధాత అనగానే పెద్దలకు 1876 నాటి మహా కరువు గుర్తొస్తుంది. విరాటపర్వం చదివితే వానలు కురుస్తాయని మనవాళ్ల నమ్మకం. ఆషాఢంలో ఆకాశం వైపు చూస్తూ ఎవరో ఈ ప్రతి రాశారని నా మనసు చెప్పింది. పెన్సిల్‌తో 1876 అని రాసేశాను కూడా. రాత్రంతా ఆలోచించి పొద్దున్నే తుడిచేశాను. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. 1756 కూడా ధాతే, 1816 కూడా ధాతే. తిథి, వారం రెండూ ఉంటే పంచాంగంతో సరిచూసి తేల్చవచ్చు. ఇక్కడ అవి రెండూ విరిగిన ముక్కతో పోయాయి. నా కోరికను కాలం గడిలో రాస్తే, రేపు మరొకరు దాన్ని నిజమనుకుని పుస్తకంలోకి ఎక్కిస్తారు. అందుకని "ధాత, ఆషాఢం" అని మాత్రమే రాశాను. ఆకుల అంచులు వేళ్లు తగిలి తగిలి నున్నబడ్డాయి, అక్కడక్కడ దీపపు నూనె చుక్కలు ఉన్నాయి. అవి మాత్రం స్థితి గడిలో చేర్చాను. అవి కంటికి కనబడుతున్నవే కదా.

మీ ఇళ్లలో అటక మీద ఇలాంటి కట్ట ఉంటే దారం లాగకండి, తడిగుడ్డతో తుడవకండి, ఆకుల వరుస మార్చకండి. పెద్దవాళ్లతో కలిసి ఉన్నదున్నట్టు తీసుకురండి. పోయిన నాలుగు ఆకులూ కీచకుడి కథలోవి. పెద్ద కట్టలోంచి జారిన ఆకులు పక్కింటి కట్టలో కలిసిపోవడం చాలాసార్లు చూశాను. ఎడమ అంచున ౩౭ అనే తెలుగు అంకె కనబడితే నాకు కబురు పెట్టండి.

ఆశీస్సులతో,
మీ గ్రంథాలయం తాతయ్య