గట్టు మీది కట్టె, గాలిలోని లెక్క

పొయ్యి పక్కన పది కిలోల ఎండు సుబాబుల్ దుంగ ఒకటి పడి ఉందనుకోండి. బాగా ఎండిన కట్టెలో దాదాపు సగం బరువు కార్బనే, అంటే ఐదు కిలోలు. కాలేటప్పుడు ప్రతి కిలో కార్బనూ గాలిలోని ఆక్సిజన్‌ని కలుపుకుని 3.67 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. వెరసి పద్దెనిమిది కిలోల పైమాటే. కట్టె కన్నా దాన్నుంచి వచ్చే వాయువే బరువంటే ఒక పట్టాన ఎవరూ నమ్మరు.

ఆ పద్దెనిమిది కిలోలూ చెట్టు ఎదిగేటప్పుడు గాలిలోంచి లాక్కున్నవే. కాల్చితే ఎక్కడివి అక్కడికే పోతాయి. మరి గట్టు మీద చెట్లు పెంచి, వాటినే నరికి వంటచెరకుగా వాడుకునే రైతు ఖాతాలో ఏం మిగిలినట్టు?

గట్టును నాలుగు భాగాలు చేసి, ఏటా ఒక భాగం నాటుదాం. ఒక్కో భాగం ఏడాదికి ఒక బండెడు కట్టె పెరుగుతుందనుకోండి. నాలుగో ఏడు ముగిసేసరికి గట్టు మీద 4, 3, 2, 1 కలిపి పది బళ్లు. ముదిరిన భాగం కొట్టేస్తే ఆరు మిగులుతాయి. ఏడాది తిరిగేసరికి మళ్లీ పది. ఇలా పదేళ్లు కొడితే నలభై బళ్లు పొయ్యిలోకి పోతాయి, అయినా గట్టు మీద నిల్వ ఆరుకు తగ్గదు. కార్బన్ పద్దులో చెట్ల తరఫున జమ అయ్యేది ఈ నిల్వే. తిన్న ధాన్యాన్ని గాదెలో ఉన్నట్టు చూపించలేం కదా!

ఈ పద్ధతికి నరికాక మొదలు మళ్లీ చిగురించాలి. సుబాబుల్‌కి ఆ గుణం దండిగా ఉంది, కాకపోతే కాయలు ముదరనిస్తే చేనంతా దాని మొలకలే. సరుగుడు మొదలు సరిగా పిలక వేయదు, మళ్లీ నాటుకోవాల్సిందే. మంటకు మాత్రం దానికి సాటి లేదు. పైగా రెండింటి వేళ్లలోనూ గాలిలోని నత్రజనిని పట్టే సూక్ష్మజీవులుంటాయి.

పచ్చికట్టె పొయ్యిలో పెట్టడం శుద్ధ దండగ. దాని బరువులో సగం దాకా నీరే. ముందు అది ఆవిరైతే గానీ మంట అందుకోదు. ఈలోగా వచ్చే పొగలో మసి, మీథేన్ ఉంటాయి. చెట్టు పీల్చుకునేది కార్బన్ డయాక్సైడ్‌ని, వీటిని కాదు.

చెట్టు కొట్టకుండానే కార్బన్ అమ్మిన ఊరొకటి మన దగ్గరే ఉంది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే గోండు గూడెం. అక్కడి మహిళా సంఘం 2003లో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లెక్కను ప్రపంచ బ్యాంకుకి అమ్మి 645 డాలర్లు తీసుకుంది. డీజిల్‌కి బదులు కానుగ నూనె వాడితే తగ్గే ఉద్గారాల లెక్క అది. వాషింగ్టన్‌లో జరిగిన ఒక సదస్సు తాలూకు కాలుష్యానికి పరిహారంగా బ్యాంకు దాన్ని కొన్నది. టన్నుకు నాలుగు డాలర్ల పైచిలుకు పడింది. గొప్ప ధరేమీ కాదు, కానీ కాయలు ఏరుకున్న చెట్లు ఎక్కడివక్కడే నిలబడి ఉన్నాయి.

గట్టు మీద నిల్వ ఎంతుందో తేల్చడానికి కావలసింది ఒక టేపు. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే మనిషి గుండె దగ్గర, బోదె చుట్టూ కొలుస్తారు. అక్కడొక సున్నపు గీత గీసి ఉంచుకుంటే పైఏడు టేపు అదే చోట పడుతుంది.